తీసేసిన మోచెయ్యి

ఫిబ్రవరి 4

వదినా,

ముందు కవరులో ఉన్న ఫోటో చూడు, తరవాత ఉత్తరం చదువు. చూశావా? అది నువ్వే. మొన్న మీ ఇంట్లో రెండు రోజులున్నప్పుడు, మీ కళ్లద్దాల షాపులో స్టాండు మీద కెమెరా పెట్టి 'కదలకు వదినా, ఊపిరి కూడా మెల్లగా తీసుకో' అంటూ నీ ప్రాణం తోడేశానే, అప్పటి ఫోటో. ఇక్కడ ఒక గ్యాలరీ వాళ్లు కొత్తవాళ్లతో ప్రదర్శన పెడుతూ దాన్ని ఎన్నుకున్నారు. లోపలికి రాగానే ఎదురుగా కనిపించే గోడ దానికే ఇస్తారట. ఇన్నాళ్లూ పాస్‌పోర్టు ఫోటోలు, సబ్బుల ప్రకటనలు తీసుకుంటూ బతికినదాన్ని. నాకంటూ ఒక గోడ అంటే ఇంకా నమ్మకం కుదరట్లేదు. పొద్దున్నే లేచి వాళ్ల ఉత్తరం మళ్లీ చదువుకుంటున్నాను, పేరు నాదేనా కాదా అని.

అందరూ మెచ్చుకునేది నీ చెంప మీది వెలుతురుని. తల వంచుకుని, చేతిలో ఫ్రేము పట్టుకుని, స్క్రూ బిగిస్తున్నావు. ముఖం మీద వెలుతురు మీగడలా పరుచుకుంది. ఇంత మెత్తటి వెలుతురు ఎక్కడ దొరికిందమ్మా అని అడుగుతున్నారు. నాకేం తెలుసు, దొరికింది, తీశాను.

తీసింది తీసినట్టు పెట్టలేదనుకో. కంప్యూటరు ముందు కూర్చుని మెడ పట్టేసేదాకా దిద్దాను. గోడ మీద వేలాడుతున్న కరెంటు వైర్లు తీసేశాను, క్యాలెండరు తీసేశాను, నీ టేబులు మీది నీళ్ల సీసా తీసేశాను. ఎడమ పక్కన మసగ్గా ఎవరిదో సగం వీపూ మోచెయ్యీ అడ్డొచ్చాయి, అన్నయ్యవే అనుకుంటా, అవీ తీసేశాను. ఇప్పుడు అందులో నువ్వూ, నీ పనీ, ఆ వెలుతురూ అంతే. 'ఏకాంతం' అని పేరు పెట్టాను. బావుందా?

నువ్వు సరేనంటేనే అది గోడెక్కుతుంది. ఫోన్లో మాత్రం చెప్పకు. ఫోన్లో ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఒక్కరమూ వినం. పైగా పక్కనుంచి మా ఆయనది, అదే మీ తమ్ముడిది, వ్యాఖ్యానం. రాసి పంపు.

ఇట్లు, నీ మరదలు

తా.క. ఆడపడుచుని నువ్వనడమేమిటే అని మా అమ్మ ఇప్పటికీ కోప్పడుతోంది. మీరు అంటే పలకనని ఒట్టు పెట్టింది నువ్వేనని ఒకసారి ఆవిడకి చెప్పు.


ఫిబ్రవరి 11

మరదలు పిల్లా,

ఫోటో అందింది. నేను బావున్నాననే అనుకోవాలి, ఎందుకంటే పక్క మందుల షాపాయన చూసి "ఎవరమ్మా ఈవిడ?" అన్నాడు. నా టేబులు అంత శుభ్రంగా నా జన్మలో చూడలేదు. రోజూ సాయంత్రం వచ్చి ఇలా తుడిచి వెళ్లకూడదూ, జీతమిచ్చి పెట్టుకుంటాను. అన్నీ తీసేసినదానివి నా గడ్డం కింద పులిపిరిని మాత్రం ఎందుకు మిగిల్చావు? దాని మీద నీకంత ప్రేమేమిటి?

నవ్వులు అయిపోయాయి, ఇప్పుడు అసలు మాట. మీ అన్నయ్య ఫోటో చూశారు. ముందు మామూలుగా చూశారు. తరవాత నేను స్క్రూలు చూసుకునే భూతద్దం తెచ్చుకుని ఎడమ పక్కంతా వెతికారు. ఆ తరవాత నీ ఉత్తరం అడిగి తీసుకుని చదివారు. "నీళ్ల సీసా తరవాత నేనన్నమాట" అని, భూతద్దం ఎక్కడిదక్కడ పెట్టేసి ఇంటికి వెళ్లిపోయారు.

నీకు తెలిసిందే కదా, చేతులు వణకడం మొదలయ్యాక ఆయన ఫ్రేముల పని నాకు అప్పజెప్పేశారు. వయసులో ఉన్నప్పటి నుంచి తన చేత్తో చేసిన పని. ఆఖర్లో బిగించబోతే స్క్రూ ఎక్కడికో ఎగిరిపోయేది, కస్టమర్లు పాపం చూసీ చూడనట్టు గోడ మీది ఫ్రేములకేసి తిరిగేవాళ్లు. అయినా సాయంత్రం అయ్యేసరికి తలదువ్వుకుని షాపుకొచ్చి నా పక్కన నుంచుంటారు. ఆ కాసేపూ ఆయన ముఖం వేరుగా ఉంటుంది. అలాంటి మనిషిని తుడిచేసి, దానికి 'ఏకాంతం' అని పేరు పెడితే ఎలాగే? ఒక్క మాట అడిగి చేయాల్సింది.

నాకేం అభ్యంతరం లేదు, గోడెక్కించుకో. ఆయన్ని నేను చూసుకుంటాను. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, అందుకని సగం కోపమే చూపిస్తున్నాను.

వదిన


ఫిబ్రవరి 17

అర్ధమొగుడు గారికి,

నమస్కారాలు చేసి, చెంపలు వేసుకుని, తరవాత వాదిస్తున్నాను.

ఫోటో అంటే కెమెరా చూసింది కాదు వదినా, నేను చూసింది. కెమెరాకి మంచీ చెడూ తెలియవు, నీ ముఖానికీ నీళ్ల సీసాకీ ఒకటే మర్యాద చేస్తుంది. ఆ మర్యాదలు సరిచెయ్యడమే నా పని. పాతకాలం స్టూడియోల్లో పెన్సిలు సన్నగా చెక్కుకుని నెగటివు మీద మచ్చలు పూడ్చేవారు, పెద్దింటివాళ్లకైతే రెండో గడ్డం కూడా మాయం చేసేవారు. నేను అదే కంప్యూటరు మీద చేస్తున్నాను. నువ్వు మాత్రం కంపెనీ నుంచి వచ్చిన ఫ్రేముని వచ్చినట్టే పెడతావా? మనిషి ముక్కుని బట్టి వంచవా? నీ చేతిలో అది పనితనం, నా చేతిలో మాయా?

నేను అన్నయ్యని తీసేయలేదు. మసకబారిన ఒక మోచేతిని తీశాను. అటుగా వెళ్తూ ఫోటోలో పడ్డారనుకున్నాను. ఆ చోట మీ తమ్ముడున్నా తీసేసేదాన్ని, ఇంకా ఉత్సాహంగా తీసేసేదాన్ని.

అన్నయ్యకి ఫోటోలో ఉండాలని ఉంటే అదెంత భాగ్యం? ఈసారి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి దర్జాగా విడిగా తీస్తాను. అంతవరకూ ఆగలేకపోతే మా పెళ్లి ఫోటోలోంచి ఆయన్ని కత్తిరించి ఇందులో నీ వెనక నిలబెడతాను. అందులో నిటారుగా, కదలకుండా, చేతులు కట్టుకుని భలే ఉంటారు. అతుకు పెట్టినట్టు బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఈ ముక్క ఆయనకి చెప్పు, నవ్వుతారు.

నీ మరదలు (మెడనొప్పితో)


ఫిబ్రవరి 25

మరదలికి,

నవ్విద్దామనే నీ ఉత్తరం మీ అన్నయ్యకి పైకి చదివి వినిపించాను. నా బుద్ధి గడ్డి తిన్నది. పెళ్లి ఫోటో దగ్గరికి వచ్చేసరికి మింగేద్దామనుకున్నాను గానీ, మధ్యలో ఆపితే అదేమిటని అడుగుతారు కదా. 'కదలకుండా, చేతులు కట్టుకుని' అన్న చోట ఆయన తన చేతులకేసి చూసుకున్నారు. "నిజమే, అలా అయితే బావుంటుంది" అన్నారు.

ఆరోజు నుంచి షాపుకి రావడం మానేశారు. ఇంట్లో పాత పేపర్లు తేదీల ప్రకారం పేరుస్తున్నారు. ఎందుకండీ అంటే, ఎవరో ఒకరు చెయ్యాలి కదా అంటారు. సాయంత్రం పని సాగట్లేదు రండి అని బతిమాలాను. "దానికి నేనెందుకు, ఒక ల్యాంపు కొనుక్కో" అన్నారు. కోపం మీద కొనేశాను. మెడ వంచితే వంగుతుంది, ఎదురు మాట్లాడదు, అలగదు. కానీ దాని వెలుతురు లెన్సు మీద పడి తిన్నగా నా కళ్లలోకి కొడుతుంది. నిన్న స్కూలు మాస్టారి కుడి లెన్సు ఎడమవైపు, ఎడమది కుడివైపు బిగించి ఇచ్చేశాను. పాపం ఆయన మా మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నాడు.

ఆయన్ని ఎందుకు తీసేశావో మాకు తెలుసు. నువ్వు చెప్పక్కర్లేదు, మేం అడగం. విడిగా ఫోటో అక్కర్లేదట. ఆ పెళ్లి ఫోటో జోలికి మాత్రం వెళ్లకు.

నీ ప్రదర్శన బాగా జరగాలి. ఆ మాట ఇద్దరం మనసారా అంటున్నాం.

వదిన (ఈసారి కోపం సగం కాదు)


మార్చి 3

వదినా,

కోపం కాసేపు పక్కన పెట్టి ఇది చదువు. మూలిగే నక్క మీద తాటిపండు పడింది.

గ్యాలరీలో ఏ ఫోటో ఎక్కడ పెట్టాలో తేల్చే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. గడ్డం బొడ్డు దాకా ఉంటుంది, మాట మాత్రం గడ్డం దాటి బయటికి రాదు. ఆయన నిన్న నా ఫోటో ముందు చాలాసేపు నుంచుని, "ఈ వెలుతురు అబద్ధం, కంప్యూటర్లో పూశావు" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను తీసేసే మనిషిని, పూసే మనిషిని కాను. దిద్దకముందు ఫోటో తెరిచి ముఖాన చూపించాను. వెలుతురు అందులోనూ అచ్చం అలాగే ఉంది.

ఆయన గడ్డం దువ్వుకున్నాడు. ట్యూబ్‌లైటు ఆర్పేసి ఉంది, గుమ్మంలోంచి వచ్చిన ఎండ అదిగో ఆ గోడ దగ్గరే ఆగిపోయింది, మరి ఈవిడ చెంప మీదికి వెలుతురు ఎవరు పంపారు అని అడిగాడు. తెలియదన్నాను. "తెలుసుకుని రా. సొంతదారు లేని వెలుతురుని నేను గోడకెక్కించను. అసలుది ఏదో తుడిచేశావు, అందుకే ఉన్నది కూడా దొంగసొత్తులా కనిపిస్తోంది" అన్నాడు.

అప్పటి నుంచి తల ప్రాణం తోకకొచ్చింది. నీళ్ల సీసా మీద పడి ఏమైనా తిరిగొచ్చిందేమోనని దాన్నే పెద్దది చేసి చూశాను. అందులో సగం నీళ్లు తప్ప ఏమీ లేవు. ఆ సాయంత్రం నేను కెమెరా తెరలో నీ ముఖమే చూస్తూ కూర్చున్నాను, చుట్టూ ఏం జరిగిందో నాకు తెలియదు. మీ షాపులో ఎడమవైపు కిటికీ ఉందా? ఎదురింటివాళ్లు కొత్తగా తెల్లరంగు వేయించారా? మీ తమ్ముడు 'మా అక్క ముఖంలోనే వెలుగుంది' అంటున్నాడు. గిన్నెలు కడగమని పంపించాను.

పదిహేనో తారీకు లోపల చెప్పకపోతే ఆ గోడ ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇది నా మొదటి గోడ వదినా. ఇంకోటి వస్తుందో రాదో. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, నిజంగా.

ఇంకొక్క మాట. ఎందుకు తీసేశానో తెలుసన్నావు. ఏం తెలుసు? మసగ్గా ఉంది కాబట్టి తీశాను. అంతకు మించి అందులో ఏముంది?

మరదలు


మార్చి 8

ఓసి పిచ్చి మొద్దూ,

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నీ ఉత్తరం చదివి నేను నవ్విన నవ్వుకి, అక్షరాల చార్టు చదువుతున్న కస్టమరు ఒకావిడ తను తప్పు చదివాననుకుని సిగ్గుపడిపోయింది. తరవాత నాకు ఏడుపొచ్చింది.

ఆ వెలుతురు పంపింది మీ అన్నయ్య. నువ్వు తీసేసిన మోచెయ్యే.

నా టేబులు వెనక మూల కదా. ట్యూబ్‌లైటు వేసుకుంటే నా తల నీడ నా చేతుల మీదే పడుతుంది. సాయంత్రం ఎండ గుమ్మంలోంచి ఎడమ గోడదాకా వచ్చి ఆగిపోతుంది, నా దాకా రాదు. కస్టమర్లు ఫ్రేము పెట్టుకుని ముఖం చూసుకునే అద్దం ఉంది చూడు, చెక్క పిడిది. మీ అన్నయ్య అది తీసుకుని ఆ ఎండలో నుంచుని, ఎండని అందులో పట్టి నా టేబులు మీదికి తిప్పుతారు. నేను ఇటు జరిగితే ఇటు, అటు జరిగితే అటు. సన్న స్క్రూల పనంతా ఆ వేళకే దాచుకుంటాను. వీధిలో అందరికీ తెలుసు. మందుల షాపాయన "సూర్యుడు డ్యూటీకొచ్చాడు" అంటాడు. అక్కడే ఉన్నావు కదా, నీకూ తెలుసనే అనుకున్నాం.

మసగ్గా ఉన్నారన్నావు. ఉండరా మరి? నువ్వు నన్ను కదలకు కదలకు అంటూ కెమెరా కన్ను తెరిచి ఉంచినంతసేపూ ఆయన వణుకుతూనే ఉన్నారు. చెయ్యి వణికితే అద్దం వణుకుతుంది, అద్దం వణికితే ఎండ వణుకుతుంది. నిలకడగా పట్టుకోలేరూ అని నేను రోజూ సణుగుతూనే ఉంటాను.

ఎప్పుడో ఒకసారి, మీకీ శ్రమ ఎందుకు, టేబుల్ ల్యాంపు కొందామన్నాను. "అయితే ఇంక నేనెందుకు?" అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు నేను. ఇప్పుడు ఆయనే ల్యాంపు కొనుక్కోమన్నారు. ఎంత ఆశ తెంచుకుంటే ఆ మాట అని ఉంటారో ఆలోచించు.

వణికే మనిషి ఉంటే ఫోటోకి అందం చెడుతుందని తీసేశావనుకున్నాం. ఆయన అలాగే అనుకున్నారు, నేనూ అనుకున్నాను. దాని మీద 'కదలకుండా చేతులు కట్టుకుని' అని రాస్తివి, పుండు మీద కారం చల్లినట్టయింది. నీ ఈ ఉత్తరంలో ఆఖరి ముక్క, 'అంతకు మించి అందులో ఏముంది' అన్నది, తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాను. చదివారు. పేపర్లు సర్దడం ఆపారు.

ఇప్పుడు నీ గోడ, నీ ఇష్టం.

వదిన


మార్చి 16

వదినా,

నీ ఉత్తరం పక్కన పెట్టుకుని దిద్దకముందు ఫోటో మళ్లీ తెరిచాను. మోచేతి పక్కన సన్నటి మెరుపు గీత ఒకటి ఉంది. అద్దం అంచు. దాన్ని చెరపడానికి నాకు ఒక పూట పట్టింది తెలుసా? లెన్సు మీద ఏదో గీత పడిందనుకుని తిట్టుకుంటూ చెరిపాను. సిగ్గుతో చచ్చిపోయాను. అన్నయ్య అలా అనుకుని ఇన్నాళ్లూ ఇంట్లో కూర్చున్నారంటే నాకు అన్నం సయించలేదు. మీ తమ్ముడు కూడా నోరు మూసుకుని కాఫీ పెట్టిచ్చాడు, అంటే నా ముఖం ఎలా ఉందో ఊహించుకో.

అన్నయ్యని వెనక్కి తెచ్చేశాను. వీపూ, మోచెయ్యీ, ఆ మెరుపు గీతా, మసకతో సహా ఉన్నదున్నట్టు. వైర్లు రాలేదు, క్యాలెండరు రాలేదు. దిద్దడం నా పని, మానను. కాకపోతే ఇకమీద తీసేముందు 'నువ్విక్కడేం చేస్తున్నావు?' అని ఒకసారి అడుగుతాను, నీళ్ల సీసానైనా సరే.

గడువుకి ముందురోజే గడ్డం పెద్దాయన దగ్గరికి కొత్త ప్రింటు తీసుకెళ్లి అంతా చెప్పాను. ఆయన మోచేతిని చూశాడు, నీ చెంపని చూశాడు, నాకేసి తిరిగి "ఈయన్నా నువ్వు తీసేసింది?" అన్నాడు. ఆ అడిగిన తీరు నేను ఈ జన్మలో మర్చిపోను. గోడ మనదే వదినా. నెలాఖరున మొదలు. ఇంకో ప్రింటు మీకు ఈ కవరులోనే పెడుతున్నాను.

'ఏకాంతం' చింపేశాను. కొత్త పేరు అన్నయ్య పెట్టాలి. అడగడానికి నాకు ముఖం చెల్లట్లేదు, నువ్వే అడుగు. అడిగేటప్పుడు ఈ మాట కూడా చెప్పు. అందరూ మెచ్చుకుంటున్న ఆ మెత్తదనం అన్నయ్య చేతులు వణకడం వల్లే వచ్చింది. అద్దం నిలకడగా పట్టుకుని ఉంటే నీ చెంప మీద తెల్లగా ఒక ముక్క పడేది, ఎవరూ రెండోసారి చూసేవాళ్లు కాదు. నేను మెడ విరిగేలా దిద్దినా ఆ మెత్తదనం తేలేను. ఓదార్పుకి చెప్పట్లేదు. నా కెమెరా మీద ఒట్టు.

నీ మరదలు


మార్చి 24

మరదలు పిల్లా,

నీ ఉత్తరం అన్నం తిన్నాక చదివి వినిపించాను. 'వణకడం వల్లే వచ్చింది' అన్న చోట "మళ్లీ చదువు" అన్నారు. చదివాను. ఇంకోసారి అడుగుతారని ఆగాను, అడగలేదు, లేచి వెళ్లి పడుకున్నారు.

మర్నాడు సాయంత్రం ల్యాంపు వేసుకుని, మాస్టారు ఇన్నాళ్లకి వెనక్కి తెచ్చిన లెన్సులు అటుదిటు ఇటుదటు మారుస్తున్నాను. తలదువ్వుకుని వచ్చారు. "అది ఆపు, ఎండ ఉందిగా" అన్నారు. అద్దం తీసుకుని వెళ్లి గోడ దగ్గర నుంచున్నారు. నేను తల వంచుకుని పని చేసుకున్నాను. ముఖం ఎత్తితే ఏడ్చేస్తానని ఎత్తలేదు. నిలకడగా పట్టుకోండి అని కూడా ఇప్పుడు అనడానికి లేకుండా చేశావు కదే. ఒకవేళ అంటే, "అలా పట్టుకుంటే గోడకెక్కదట" అంటున్నారు. వీధి చివరిదాకా చెప్పుకున్నారు. మందుల షాపాయన ల్యాంపు కావాలన్నాడు, ఇచ్చేశాను.

కొత్త ఫోటోని మళ్లీ భూతద్దం పెట్టి చూశారు. ఎడమ మూల దగ్గర చాలాసేపు ఆగారు. "మోచెయ్యి కాస్త లావుగా వచ్చింది" అన్నారు. నీకు మాత్రం చెప్పొద్దన్నారు, అందుకే చెబుతున్నాను. పేరు కోసం రెండు రోజులు బుర్ర గోక్కున్నారు. నేను 'ఆలుమగలు' అన్నాను, ఛీ అన్నారు. ఆఖరికి 'సాయంత్రం పని' అని పెట్టమన్నారు. బావుంది కదూ? నాకూ నచ్చింది.

నా పులిపిరి సంగతి మాత్రం నువ్వింకా తేల్చలేదు. అదక్కడేం చేస్తోందో దాన్నీ అడిగావా?

కింద తనే రాస్తానని కూర్చున్నారు. పెన్ను పట్టుకుని ఎంత కాలమైందో. సంతకమంటేనే తప్పించుకు తిరిగే మనిషి. నన్ను అవతలికి వెళ్లమంటున్నారు, వెళ్తున్నాను.

వదిన


చెల్లెమ్మా,

ఫోటో బావుంది. నెలాఖరుకి మేమిద్దరం వస్తున్నాం. మీ గడ్డం పెద్దాయనని చూడాలని ఉంది.

అక్షరాలు వణికాయి. దిద్దకు.

అన్నయ్య